దొడ్లో గడ్డికి పెట్రోలు మిషనా, కరెంటు మిషనా?



తొలకరి పడి నాలుగు వానలు కురిస్తే చాలు, మా చెరుకుపల్లి చుట్టుపక్కల దొడ్లన్నీ పచ్చబడిపోతాయి. కాలవలకు నీళ్ళొచ్చే నాటికి గరిక అల్లుకుంటుంది. తుంగ తలెత్తుతుంది. ప్రహరీ గోడ వారన ఉత్తరేణి మోకాటి ఎత్తున లేస్తుంది. వినాయక చవితికి పత్రి కోసం దొడ్డి వెనక్కి వెళ్ళాలన్నా చేతిలో కర్ర ఉండాల్సిందే. కృష్ణా పశ్చిమ డెల్టా రేగడి నేల, పక్కన కాలవ, పైన వాన. గడ్డికి ఇంకేం కావాలి? రక్తపింజర, కట్లపాము చేలగట్ల మీదే ఉండిపోతామని మనకేమీ రాసివ్వలేదు కదా. అందుకని మన దగ్గర గడ్డి కోయించుకోవడం ముచ్చటకు చేసే పని కాదు. చంటిపిల్లలు దొడ్లో తిరగాలంటే తప్పని పని.

ఇదివరకు ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. పాడి ఉన్న ఇంట్లో గడ్డిని మోకాటి దాకా ఎవరు పెరగనిస్తారు? కొడవలి పట్టుకుని వెళ్ళి ఒక మోపు కోసుకొస్తే బర్రెకు పూట గడిచేది. ఇప్పుడు కొట్టాలు కారు షెడ్లయ్యాయి. కూలికి పిలుద్దామంటే గడ్డి బాగా పెరిగే రోజులూ నాట్ల రోజులూ ఒకటే. ఎకరాల లెక్కన ముఠాగా నాట్లు వేసేవాళ్ళు మన నాలుగు సెంట్ల దొడ్డి చెక్కడానికి ఎందుకొస్తారు? వచ్చినా ఆ కూలి మనం ఇచ్చుకోగలమా? ఇలాంటప్పుడే ఇంట్లో మిషను మాట వస్తుంది. దాని వెనకే ప్రశ్న. పెట్రోలుది కొనాలా, కరెంటుది కొనాలా?

కొట్టుకు వెళితే అక్కడి కుర్రాడు ఇన్ని సీసీలు, ఇన్ని వాట్లు, నిమిషానికి ఇన్ని వేల చుట్లు అని గడగడా చెప్పేస్తాడు. అన్నీ చెబుతాడు గానీ అసలు సంగతి చెప్పడు. ఈ మిషను మీ ఇంట్లో ఎన్నాళ్ళు ఊరికే పడి ఉంటుందన్నదే ఆ సంగతి. ఆలోచించండి. మన దొడ్లకు గడ్డి పని జూలైలో మొదలై డిసెంబరుతో తేలిపోతుంది. సంక్రాంతి దాటాక రేగడి నెర్రెలిస్తుంది, గడ్డి ఎండిపోతుంది. పని ఉన్న నెలల్లోనైనా మూడు వారాలకో, నెలకో ఒకసారి బయటికి తీస్తాం. అంటే ఏడాదిలో అది నడిచేది కొద్ది గంటలు, మూలన ఉండేది మిగతా కాలమంతా. కాబట్టి ఏది బాగా కోస్తుంది అన్నదానికంటే ఏది మూలన ఉండి కూడా పాడవకుండా ఉంటుంది అన్నది మనకు ముఖ్యం. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా దీని చుట్టూనే.

ముందుగా మిషను ఆకారం గురించి రెండు ముక్కలు. చక్రాల మీద తోసుకుంటూ పోయే లాన్ మోవర్ ఒక రకం. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్నిగుడ్డ మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, గడ్డినీ అలాగే కత్తిరించవచ్చని ఆయనకు తట్టింది. భుజానికి పట్టీ తగిలించుకుని చేతులతో ఊపుతూ కోసేది రెండో రకం, మన రైతులు బ్రష్ కట్టర్ అనేది. దాని కొసన బ్లేడు బదులు నైలాను దారం తిప్పి గడ్డి కొట్టవచ్చన్న ఊహ అమెరికాలో హ్యూస్టన్ నగరంలో జార్జ్ బల్లాస్ అనే ఆయనకు 1971లో వచ్చింది. కారు కడిగే చోట గిరగిరా తిరిగే నైలాను బ్రష్షులను చూశాడట.

మన దొడ్డికి ఈ రెండింటిలో ఏది కుదురుతుంది? చదునుగా పెంచిన పచ్చిక ఉంటే మొదటిది. బాపట్ల వ్యవసాయ కళాశాలది 1945 నాటి ప్రాంగణం. అలాంటి చోట్ల పచ్చికను చక్రాల మిషనుతో కోయడం అందంగానే ఉంటుంది. మన దొడ్లో కొబ్బరి వేళ్ళు పైకి తేలి ఉంటాయి, ఎప్పుడో ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలుంటాయి, బర్రె పోయినా దాన్ని కట్టేసిన గుంజ మొదలు అలాగే ఉంటుంది. వాన పడ్డ మర్నాడు రేగడిలో చక్రాలు దిగబడతాయి. మామూలు పల్లెటూరి దొడ్డికి భుజాన వేసుకునేదే నయం. ఇంటి ముందు రెండు సెంట్లలో కొరియన్ గడ్డి పరిచి ముచ్చటగా పెంచుకునే వాళ్ళకైతే పెట్రోలూ వద్దు, కరెంటూ వద్దు. బడ్డింగ్ నాటి పద్ధతిలోనే, తోస్తే బ్లేడ్లు తిరిగే చేతి మిషను ఇప్పటికీ దొరుకుతుంది. ఖర్చు తక్కువ, చప్పుడు లేదు, పొద్దున్నే కాస్త వ్యాయామం.

ఇప్పుడు పెట్రోలు మిషను సంగతి. దీని బలం గురించి వేరే చెప్పనక్కర్లేదు. కాలవ కట్ట మీద జమ్ము దగ్గర్నుంచి గట్ల మీద ముళ్ళకంప దాకా దేన్నయినా కొట్టేస్తుంది. వైరు లాగే పని లేదు, కరెంటు పోతుందన్న బెంగ లేదు. చెడిపోతే మోపెడ్లు బాగుచేసే మెకానిక్కే విప్పి చూడగలడు. ప్లగ్గు, కార్బొరేటరు, ఎయిర్ ఫిల్టరు అతనికి కొత్తవి కావు. పల్లెలో ఇది చాలా పెద్ద సౌకర్యం.

ఇందులోనూ రెండు జాతులున్నాయి. టూ స్ట్రోక్ ఇంజను తేలిక, ధర తక్కువ. దీనికి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. లీటరు పెట్రోలుకు 40 మిల్లీ లీటర్లు కలపమని కొన్ని కంపెనీలు చెబుతాయి, 20 చాలని కొన్ని చెబుతాయి. మిషనుతో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే వేదం. బండి ట్యాంకులోంచి తీసిన పెట్రోలు ఆయిలు కలపకుండా పోశారో, కొద్దిసేపట్లోనే పిస్టను పట్టేస్తుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఈ గొడవ లేదు, ఆయిలు విడిగా పోస్తారు. హోండా వాళ్ళ 35.8 సీసీ చిన్న ఇంజను ఈ కోవలోదే. పొగ తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది, ధర మాత్రం ఎక్కువ. ధరలు కంపెనీకొక రకంగా, సీజనుకొక రకంగా ఉంటాయి కాబట్టి నేను అంకెలు చెప్పను. ఖర్చు మటుకు లెక్క వేసుకోండి. ఇలాంటి మిషను పూర్తి బలంతో గంట నడిస్తే ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగుతుంది. అయిదు సెంట్ల దొడ్డికి, గడ్డి బాగా ముదిరి ఉంటే, ఆ గంటా పడుతుంది.

అసలు చిక్కు వాడకంలో లేదు, వాడకపోవడంలో ఉంది. ఇప్పుడు బంకుల్లో మనకు దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నిజాంపట్నం సముద్రం మనకు దగ్గర, గాలిలో తేమకు ఇక్కడ కొదవ లేదు. డిసెంబరులో సగం ట్యాంకుతో మూలన పెట్టిన మిషనును మళ్ళీ జూలైలో తీసి తాడు లాగితే ఏమవుతుంది? అడుగున నీరు దిగి ఉంటుంది, కార్బొరేటరు సన్నని రంధ్రాల్లో జిగురు పట్టి ఉంటుంది, లోపలి రబ్బరు పొరలు బిగుసుకుపోయి ఉంటాయి. భుజం నొప్పి పుట్టేదాకా తాడు లాగి చివరికి మిషనును మెకానిక్ దగ్గరకు మోసుకెళ్తారు. సీజను అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన కాస్త పెట్రోలు అయిపోయి ఇంజను దానంతటది ఆగేదాకా నడిపి పక్కన పెడితే ఈ బాధ సగం తప్పుతుంది. ఈ మాట పుస్తకాల్లో రాసే ఉంటుంది. చదివేది ఎవరు?

కరెంటు మిషనుకు ఈ రోగం లేదు. ఆరేడు నెలలు మూలన పెట్టి తీసినా, ఎలకలు వైరు కొరకకుండా ఉంటే, స్విచ్ వేయగానే తిరుగుతుంది. నాకు దీని మీద మొగ్గు ఉన్నమాట దాచను. 1200 వాట్ల మిషను గంట నడిస్తే కాలేది యూనిటూ అయిదో వంతు. ఏ శ్లాబులో ఉన్నా ఆ ఖర్చు ఒక టీ డబ్బులకు కాస్త అటూ ఇటూ. పొగ లేదు. పక్కింటి వాళ్ళ చెవులూ బతుకుతాయి.

దాని తోక మాత్రం పొడుగు. వైరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ప్రమాదాలు అక్కడే పొంచి ఉంటాయి. 1200 వాట్లంటే 5 యాంపియర్ల పైచిలుకు. పండుగకు సీరియల్ లైట్లు పెట్టుకునే సన్నని వైరు, అర స్క్వేర్ మిల్లీమీటరుది, 50 మీటర్లు లాగితే చివర మిషను దగ్గరకు వచ్చేసరికి 20 వోల్టులు పడిపోతాయి. మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడెక్కుతుంది. వైరు చుట్ట విప్పకుండానే వాడితే చుట్ట లోపలే ఉడికిపోతుంది. అదే ఒకటిన్నర స్క్వేర్ మిల్లీమీటరు మూడు పోగుల వైరయితే పడేది ఏడు వోల్టులే. మిషను కొనే రోజే ఆ వైరు కూడా కొనండి. మధ్యలో అతుకులు వద్దు, టేపు చుట్టిన అతుకు అసలే వద్దు. తడి గడ్డి మీద ఆ అతుకు పడితే ప్రాణం మీదికొస్తుంది.

పాత ఇళ్ళలో ఎర్తింగు పేరుకే ఉంటుంది, కొన్నింటిలో అదీ ఉండదు. మిషను మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉందో లేదో చూడండి. ఆ గుర్తు ఉంటే రెండు పొరల ఇన్సులేషను ఉన్నట్టు, దానికి ఎర్తు తీగ అవసరం ఉండదు. ఉన్నా లేకపోయినా, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు ఒంట్లోంచి నేలలోకి పోతుంటే కన్ను మూసి తెరిచేలోగా సరఫరా ఆపేసే పరికరం అది. గడ్డి మిషను కోసమే అనుకోకండి, గీజరుకూ, వాషింగ్ మెషినుకూ, మోటారుకూ పనికొస్తుంది. ఇక కోసేటప్పుడు ప్లగ్గు ఉన్న గోడ దగ్గర మొదలుపెట్టి దూరం జరుగుతూ పోండి. అప్పుడు వైరు ఎప్పుడూ కోసిన గడ్డి మీద, మీ వెనక ఉంటుంది. చాలామంది దొడ్డి చివర్నుంచి మొదలుపెట్టి ఇంటివైపు వస్తారు, వైరును తామే కోసుకుంటారు.

బ్యాటరీ మిషన్ల గురించి అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వైరు లేదు, పొగ లేదు, బరువు తక్కువ. చూస్తే అన్నీ సుగుణాలే. బ్యాటరీలో ఎంత సరుకుందో తెలియాలంటే వోల్టులను యాంపియర్ అవర్లతో గుణించండి. 36 వోల్టులు, 4 యాంపియర్ అవర్ల బ్యాటరీలో 144 వాట్ అవర్లుంటాయి. దారం తిరిగే మిషను ముదురు గడ్డిలో 500 వాట్లు లాగుతుందనుకుంటే అది పదిహేను, పదిహేడు నిమిషాలకు ఖాళీ. బడ్డీ కొట్టు ధరకు ఫోన్లో అమ్మే చిన్న మిషన్ల మీద 48 అనీ, 88 అనీ, 98 అనీ పెద్ద అంకెలుంటాయి, పక్కన వీఎఫ్ అని రాసి ఉంటుంది. అవి వోల్టులనుకుని మోసపోకండి. చాలావాటి లోపల అయిదు లిథియం సెల్లులు వరుసగా ఉంటాయి, లెక్కకు అది 18 వోల్టులే. పూలకుండీల చుట్టూ, మెట్ల పక్కన మొలిచిన గడ్డికి పనికొస్తుందేమో గానీ, చవితి నాటి దొడ్డికి అది చాలదు.

దీనికీ మూలన పెట్టే జబ్బుంది. ఖాళీ అయిపోయిన లిథియం బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే చచ్చిపోతుంది. నిండా ఎక్కించి రేకుల షెడ్డులో పెట్టి, రోహిణీ కార్తె ఎండకు వదిలేసినా ఆయుష్షు తగ్గుతుంది. సగం ఛార్జితో ఇంట్లో చల్లటి చోట ఉంచి రెండు నెలలకోసారి చూసుకోవాలి. ఇంకో సంగతి, ఆ కంపెనీ బ్యాటరీ మూడేళ్ళ తర్వాత కూడా తెనాల్లోనో, గుంటూరులోనో దొరుకుతుందా అని కొనే ముందే అడగండి. దొరక్కపోతే మీ చేతిలో మిగిలేది ఖరీదైన కర్ర.

ఇక్కడే మన అమెరికా పిల్లల ప్రస్తావన వస్తుంది. మన ప్రాంతంలో అటువైపు వెళ్ళినవాళ్ళు లేని వీధి తక్కువ. అక్కడ ఇల్లు కొన్నవాడికి ముందు వెనక పచ్చిక ఉంటుంది, అది పెరిగితే కాలనీ సంఘం నుంచి నోటీసు వస్తుంది. ఇక్కడ కొడవలి ముట్టనివాడు అక్కడ శనివారం పొద్దున లేచి మోవర్ తోస్తాడు. తమాషా ఏమిటంటే టెక్సాస్‌లో ఎరువు వేసి, నీళ్ళు పెట్టి పెంచే బెర్ముడా గడ్డి మన వినాయకుడికి పెట్టే గరికే. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 మోడలు నుంచి కొత్తగా అమ్మే గడ్డి మిషన్లలో పొగ వచ్చే ఇంజనే ఉండకూడదంది. పెట్రోలు మోవర్ గంట నడిస్తే పొగమంచుకు కారణమయ్యే కాలుష్యం, కొత్త కారు సుమారు 300 మైళ్ళు నడిచినంత వస్తుందని అక్కడి వాయు వనరుల మండలి లెక్క. చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లలో కొత్తగా వచ్చే పెట్రోల్లో కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి పోతుంది. ఏడాదికి కొద్ది గంటలు నడిపే మన మిషను లోకాన్ని పాడుచేస్తుందని నేను అనను. ఆ పొగ ముందుగా పోయేది మాత్రం మిషను మోసేవాడి ముక్కులోకే. కూలికి తిరిగే కుర్రాడు రోజంతా దాన్ని పీలుస్తాడు, 90 డెసిబెల్స్ దాటిన ఆ మోత వింటాడు.

పిల్లలు సెలవులకు వస్తూ ఒక మిషను తెస్తామంటే వద్దని చెప్పండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అక్కడి వైరు మిషనును మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. బ్యాటరీది తెద్దామన్నా విమానంలో 100 వాట్ అవర్లు దాటిన లిథియం బ్యాటరీకి ఎయిర్‌లైన్సు అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుడి సామానులో అసలు తేనివ్వరు. అక్కడ బాగా అమ్ముడుపోయే 56 వోల్టుల, 5 యాంపియర్ అవర్ల బ్యాటరీ 280 వాట్ అవర్లు.

గడ్డి రకం కూడా చూడండి. తుంగను ఏ మిషనుతో కోసినా వారానికి మళ్ళీ లేస్తుంది, కింద గడ్డలున్నాయి కాబట్టి. వయ్యారిభామను పూత మీద ఉండగా మిషనుతో కొడితే పుప్పొడి మొహానికి, మెడకు పట్టి దద్దుర్లు వస్తాయి. వాన పడి నేల మెత్తబడ్డప్పుడు, పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకేయడమే దానికి మందు. కొత్తగా పెట్టిన మామిడి, జామ, కరివేపాకు మొక్కల మొదట్లో నైలాను దారం తగిలితే బెరడు చుట్టూ ఒలిచేస్తుంది, మొక్క ఎందుకు చచ్చిందో మీకు తెలియను కూడా తెలియదు. మొదలు చుట్టూ జానెడు మేర కొడవలితోనే కోసుకోండి. ఇంకా బర్రె ఉన్నవాళ్ళకు ఒక మాట. దారంతో కొట్టిన గడ్డిలో నైలాను తునకలు కలుస్తాయి, అది పశువుకు వేయకండి. మేతకు కావాలంటే ఇనుప బ్లేడుతోనో, కొడవలితోనో కోయండి.

నా తీర్పు అడిగితే ఇలా చెబుతాను. అయిదారు సెంట్లలోపు దొడ్డి, గోడకు ప్లగ్గు, మంచి వైరు ఉన్న ఇంటికి కరెంటు మిషను. అరెకరం పైన తోట, గట్లు, కొబ్బరి చెట్లు ఉన్న రైతుకు పెట్రోలు మిషను, వీలైతే ఫోర్ స్ట్రోక్. ఈ రెంటికీ మధ్యలో ఉన్నవాళ్ళు, పది ఇరవై సెంట్ల వాళ్ళు, సొంతానికి కొనకండి. వీధిలో నలుగురు కలిసి ఒక పెట్రోలు మిషను తీసుకోండి, లేదా మిషను ఉన్న కుర్రాడికి గంటల లెక్కన డబ్బులిచ్చి చేయించుకోండి. నలుగురి చేతుల్లో తిరిగే మిషను మూలన పడి ఉండదు కాబట్టి చెడదు. బ్యాటరీ మిషను, వైరు లాగే ఓపిక లేని పెద్దవాళ్ళకు, చిన్న ఇంటి ముంగిటికి.

ఏది కొన్నా కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు లేకుండా స్విచ్ వేయకండి, తాడు లాగకండి. దారం తగిలి ఎగిరిన ఇటుక ముక్క పదిహేను మీటర్ల దాకా వస్తుంది, పిల్లల్ని అంతకంటే దూరంలో ఉంచండి. బ్లేడుకు గడ్డి చుట్టుకుంటే ముందు ప్లగ్గు పీకి, లేదా ఇంజను ఆపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. వాన వెలిసిన వెంటనే కరెంటు మిషను బయటికి తీయకండి. గడ్డి ఒక పూట ఆగగలదు.